సిమ్‌పానీ మెట్ల మీద హెల్యు

యమ్‌కుమారి గురుంగ్ ఇంటి పై గదిలో ఒక విదేశీ ఆడమనిషి అద్దెకు దిగిందన్న కబురు, పొయ్యి మీద అన్నం ఉడికేలోగా సిమ్‌పానీ అంతా పాకిపోయింది. నేపాల్‌లో లమ్‌జుంగ్ కొండకు అతుక్కుని ఉన్న ఊరది. యాత్రికులు వస్తారు, ఒక రాత్రి పడుకుంటారు, ఫొటోలు తీసుకుని పోతారు. ఉండిపోవడానికి వచ్చిన పరదేశిని ఊరు అంతవరకు చూడలేదు.

ఆమె పేరు హెల్యు. దేశం ఎస్టోనియా. అక్కడి పట్నంలో ట్రాము బండి నడిపి రిటైరైంది. పెళ్లి కాలేదు, పిల్లలు లేరు. ఇంత దూరం ఎందుకొచ్చావని అడిగితే దాచుకోలేదు.

"అక్కడ నా పింఛను ఇంటద్దెకీ, చలికాలం గది వెచ్చబెట్టుకోడానికీ సరి. ఇక్కడైతే కడుపునిండా తిని, నలుగురితో కూర్చుని బతకొచ్చు," అంది, వచ్చీరాని నేపాలీలో.

ఆ మాట యమ్‌కుమారికి నచ్చింది. భర్త పోయాక గేదెనూ రాగి చేలనూ ఒంటిచేత్తో నెట్టుకొస్తున్న మనిషి ఆమె. ఉన్నది ఉన్నట్టు చెప్పేవాళ్లంటే ఆమెకు గురి.

నచ్చనిది సుబేదార్ జస్‌మాన్‌కి. పరాయి దేశం పల్టన్‌లో సిపాయిగా చేసి వచ్చిన ముసలాయన. ఊరందరికీ సుబేదార్ బాబాయి. రచ్చబండ మీద కాలు మీద కాలేసుకుని కూర్చుంటే ఆయన మాటకు ఎదురుండదు.

"చవక కోసం వచ్చిన పిట్ట. ఒక్క జ్వరం తగిలిందంటే విమానం ఎక్కేస్తుంది, చూస్తూ ఉండండి," అన్నాడాయన.

నెత్తిన గడ్డిమోపుతో పోతున్న యమ్‌కుమారి ఆగింది. "మీ పింఛను మాత్రం ఎక్కణ్ణించి వస్తోంది బాబాయ్? అదీ పరాయి దేశం నించే కదా. తింటున్నది ఇక్కడే కదా."

చుట్టూ ఉన్న ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. సుబేదార్ చుట్ట ఆరిపోయినట్టు నటించి అగ్గిపుల్ల వెతుక్కున్నాడు.

హెల్యు మాత్రం ఇవేవీ పట్టించుకోలేదు. వచ్చిన నెలలోనే తన నీళ్లు తనే మోసుకోవడం మొదలుపెట్టింది. ఇంటి వెనక చారెడు నేలలో బంగాళాదుంపలు పెట్టింది. నేపాలీ పుస్తకంలో చదివి నేర్చుకుందేమో, మర్యాద మాటలే వచ్చు ఆమెకి. ఒకరోజు దారికి అడ్డంగా పడుకున్న గేదెతో, "మీరు దయచేసి కాస్త పక్కకు జరుగుతారా?" అంటుంటే పక్కింటి వాళ్లు విని పడీపడీ నవ్వారు. అప్పట్నించీ ఆ గేదెకి 'మీరుగారు' అని పేరు పడిపోయింది.

ఆ కొండల్లో మనిషిని ఉత్త పేరుతో పిలవరు. ఏదో ఒక వరస కలపాలి. యమ్‌కుమారి కంటే వయసులో పెద్దది కాబట్టి హెల్యు అక్క అయింది. మొదట్లో "మీరు తిన్నారా అక్కా?" అనేది యమ్‌కుమారి. రెండో ఏడు నాట్లనాటికి అది "తిన్నావా అక్కా?" అయింది. ఎప్పుడు మారిందో ఇద్దరిలో ఎవరికీ తెలియదు.

ఆ ఏడే ముసురు పట్టిన శ్రావణంలో ఆపద వచ్చింది. గడ్డి కోసుకుని వస్తున్న హెల్యు, నాచు పట్టిన రాతిమెట్టు మీద కాలు జారి పడింది. యమ్‌కుమారి కేక విని పరుగెత్తి వెళ్లేసరికి మోకాలి కింద ఎముక విరిగి కాలు వంకర తిరిగి ఉంది. హెల్యు అరవడం లేదు. పెదవి కొరుక్కుని, ముఖం పాలిపోయి, చెల్లాచెదురైన గడ్డివంకే చూస్తోంది.

"గడ్డి తడిసిపోతోంది," అంది.

"గడ్డి సంగతి గేదె చూసుకుంటుందిలే. నువ్వు కదలకు," అంది యమ్‌కుమారి.

ఊరికి జీపు వచ్చే దారి కొండచరియ విరిగిపడి మూసుకుపోయింది. చరియ అవతల, లోయలో వంతెన దగ్గరికి చేరిస్తే అక్కణ్ణించి పోఖరా ఆస్పత్రికి బండి దొరుకుతుంది. అక్కడిదాకా మెట్లే. ఊళ్లో వయసులో ఉన్న మగవాళ్లు ఎవరున్నారు? సగం మంది ఎడారి దేశాల్లో, మిగతావాళ్లు పట్నాల్లో. సుబేదార్ ఇంటి అరుగు మీంచి, స్ట్రెచర్ తయారుచెయ్యండి, బొంగులు తెండి అని ఆజ్ఞలు వేస్తున్నాడు.

"తయారయ్యేసరికి పొద్దు గూకుతుంది బాబాయ్," అంది యమ్‌కుమారి. కట్టెలు మోసే పెద్ద వెదురు బుట్ట తెచ్చి, కత్తితో ఒక పక్క కోసి, లోపల దుప్పటి పరిచింది. వెదురు బద్దలతో కాలికి కట్టు కట్టి, హెల్యుని అందులో కూర్చోబెట్టి, బుట్టకున్న మోత పట్టీ నుదుటికి తగిలించుకుని లేచింది.

"నేను బరువు," అంది హెల్యు వీపు వెనక నించి.

"వడ్ల మూట మాట్లాడదు. అదొక్కటే తేడా. గొడుగు పట్టుకో."

ఊరి అమ్మల సంఘంలోని ముగ్గురు ఆడవాళ్లు కూడా వచ్చారు. వంతులవారీగా మోశారు. మెట్లు జారుడు. మడమల మీద జలగలు. విరిగిపడిన చరియ దగ్గర బురద మోకాళ్లదాకా వచ్చింది. అక్కడ మిగతావాళ్లు వెనక్కి తగ్గి చూస్తుంటే బుట్ట మళ్లీ యమ్‌కుమారే ఎత్తుకుంది. ఒక్కో అడుగూ కాలితో తడిమి, నేల నిలుస్తుందని తేలాకే బరువు వేసింది. వీపు మీద మనిషి ఊపిరి కూడా బిగబట్టి కూర్చుందని ఆమెకు తెలుస్తూనే ఉంది. అవతలి ఒడ్డున బుట్ట దించాక హెల్యు చెయ్యి చాచి, ఆమె నుదుటి మీద పట్టీ ఒరుసుకుని ఎర్రబడ్డ చోట వేళ్లతో తాకింది. యమ్‌కుమారి ముఖం తిప్పుకుని కొంగు పిండుకుంది.

ఆస్పత్రిలో కాలికి ఆపరేషన్ చెయ్యాలన్నారు. డాక్టరు కాగితం చూస్తూ, "ఈవిడ తరఫు మనుషులెవరు?" అని అడిగాడు.

హెల్యు వేలెత్తి గోడ పక్కన బురదకాళ్లతో నిలబడ్డ యమ్‌కుమారిని చూపించింది.

"ఏమవుతుంది?"

"చెల్లెలు."

డాక్టరు ఆ ఎర్రటి ముఖాన్నీ ఈ చప్పిడి ముక్కునూ మార్చి మార్చి చూశాడు. పక్కన నర్సు నవ్వు ఆపుకోలేక, "పోలికలు తెలుస్తూనే ఉన్నాయి సార్, ఇద్దరూ మొండివాళ్లే," అంది. యమ్‌కుమారి నిటారుగా నిలబడి, ఎక్కడ వేలిముద్ర వెయ్యాలో చూపించమంది. సంతకం చెయ్యడం వచ్చు ఆమెకి. కంగారులో మర్చిపోయింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. కానీ నడక మళ్లీ నేర్చుకోవాలి. రోజూ వ్యాయామం చేయించే చోటు పోఖరాలోనే ఉందని హెల్యు అక్కడే ఒక గదిలో ఉండిపోయింది. యమ్‌కుమారి చేల పనికి వెనక్కి వచ్చింది.

రచ్చబండ మీద సుబేదార్ మాట మొదలుపెట్టాడు. "ఆమె తమ్ముడి కూతురు ఫోన్ చేసి రమ్మంటోందట గదా. ఇంక ఎందుకొస్తుంది? కుంటికాలితో ఈ మెట్లెక్కుతుందా?"

"ఎక్కుతుంది," అంది అటుగా పోతున్న యమ్‌కుమారి.

"నీకు రాసిచ్చిందా?"

"మీ పింఛను వస్తుందని మీకు నెలనెలా ఎవరు రాసిస్తున్నారు?"

నోటి దురుసు తగ్గలేదు గాని, లోపల గుబులు ఉంది ఆమెకు. తమ్ముడి కూతురి కబురు నిజమే. హెల్యు తనే ఫోన్‌లో చెప్పింది. టికెట్ తీసి పంపుతానందట. మరి నువ్వేమన్నావని అడగడానికి యమ్‌కుమారికి నోరు రాలేదు. అడిగితే ఉండమని బతిమాలినట్టవుతుంది. అది తన ఒంటికి సరిపడదు. బడికి కొత్తగా వచ్చిన మేష్టారు పై గది అద్దెకిమ్మని రెండుసార్లు వచ్చాడు. "మనిషి ఉంది," అని తిప్పి పంపింది. అలాగని ఊరుకోలేక రోజూ పైకెళ్లి కిటికీ తెరిచి, గది ఊడ్చి వచ్చేది. దసరాకి వచ్చే దశైన్ వెళ్లింది, దీపావళికి వచ్చే తిహార్ వెళ్లింది. ఫోన్లు తగ్గుతూ వచ్చి ఆగిపోయాయి. రాగులు కోతకొచ్చాయి.

కోత సగంలో ఉండగా వంతెన దగ్గర చాయ్ కొట్టు వాడు ఫోన్ చేశాడు. "అక్కా, మీ అక్క దిగింది. మెట్ల దగ్గర కూర్చుని చాయ్ తాగుతోంది."

జీపు దారి అప్పటికీ బాగుపడలేదు. యమ్‌కుమారి కొడవలి గట్టు మీద పెట్టి, బుట్ట వీపున వేసుకుని, మెట్లు గబగబా దిగింది. హెల్యు చిక్కి సగమైంది. చేతిలో కర్ర ఉంది. బుట్ట చూసి తల అడ్డంగా ఊపింది.

"అందులో సంచి పెట్టు. నేను నడుస్తాను."

"చీకటి పడుతుంది అక్కా."

"పడనీ. వెళ్లేటప్పుడు నువ్వు మోశావు. వచ్చేటప్పుడు కూడా మోస్తే ఊళ్లో నా ముఖం ఏం కావాలి?"

ఆ మాటకు యమ్‌కుమారి ఇంక అడ్డు చెప్పలేదు. ఆ పౌరుషం ఆమెకు అర్థమయ్యే భాషే. సంచి బుట్టలో వేసుకుని ఒక మెట్టు వెనకగా నడిచింది. చెయ్యి వేయలేదు. హెల్యు కర్ర పెట్టి, మంచి కాలు వేసి, రెండో కాలు లాక్కుని, మళ్లీ కర్ర పెట్టేది. చెమట మెడ మీంచి కారుతోంది. మలుపు దగ్గర ఆగి ఊపిరి తీసుకునేది.

"తమ్ముడి కూతురికి ఏం చెప్పావు?" అని అప్పుడు అడిగింది యమ్‌కుమారి.

"రాగులు కొయ్యాలి, తీరిక లేదన్నాను. ఫోన్ ఎందుకు చెయ్యలేదని తిట్టు. నడక బాగా వచ్చేదాకా చెయ్యకూడదనుకున్నాను. వస్తానని చెప్పి రాలేకపోతే నీకు మాట వస్తుంది."

"నాకు మాట రాని రోజు ఎప్పుడుంది?"

కొండ మీది నించి చూసినవాళ్లు చేలల్లో పని ఆపేశారు. ఒకరి తరవాత ఒకరు పై మెట్ల దగ్గర చేరారు. అమ్మల సంఘం వాళ్లు బంతిపూల దండతో నిలబడ్డారు. ఎవరూ కేకలు పెట్టలేదు. ఎక్కుతున్న మనిషినే చూస్తున్నారు. సుబేదార్ జస్‌మాన్ కర్ర ఊతంగా నాలుగు మెట్లు దిగివచ్చి చెయ్యి అందించాడు.

"వద్దు బాబాయ్. ఇంకొంచెమే," అంది హెల్యు.

ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని, పక్కకు జరిగి, వీపు నిటారుగా చేసి దారి ఇచ్చాడు. ఆమె దాటాక యమ్‌కుమారితో మెల్లగా అన్నాడు. "మా పల్టన్‌లో ఇంత మొండివాళ్లు ఉంటే నేను కెప్టెన్‌గా రిటైరయ్యేవాణ్ణి."

"అప్పుడైతే మీ నోటికి పట్టపగ్గాలుండేవా?" అంది యమ్‌కుమారి. అంటూనే కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ముసలాయన అది చూసీ చూడనట్టు పై మెట్ల వైపు తిరిగాడు.

పై మెట్టు ఎక్కాక హెల్యు మెడలో దండ పడింది. ఆ పూట అక్కకి అన్నం మేం పెడతామంటే మేం పెడతామని ఆడవాళ్లు వాదులాడుకున్నారు. యమ్‌కుమారి వాళ్లను తోసుకుంటూ వచ్చి, "మా ఇంటి మనిషి. మా పొయ్యే వెలుగుతుంది. కావాలంటే మీరూ రండి," అంది.

అందరూ వచ్చారు. అరుగు చాల్లేదు, వాకిట్లో చాపలు వేశారు. మర్నాడు పొద్దున్న హెల్యు కర్రతో చేను గట్టు మీద కూర్చుని రాగి వెన్నులు దులుపుతూ కనిపించింది.