సాలీ పళ్ళ సెట్టు

సాలీ మాట ముద్దముద్దగా రావడం మొదలైనప్పటి నుంచీ అతని పెళ్ళాం ఫల్దీలా ఆడిపోసుకున్నది కట్టుడు పళ్ళనే. వాళ్ళుండే మిచెల్స్ ప్లెయిన్ పేటలో కుర్రతనంలోనే సోకుకి ముందుపళ్ళు పీకించుకోవడం మగాళ్ళకి మామూలే. సాలీ సెట్టుకైతే బంగారం కూడా పొదిగించాడు. డాక్టర్లేమో కండరాలను ఆడించే నరాలు చచ్చిపోయే జబ్బన్నారు. "జబ్బూ లేదు, గిబ్బూ లేదు! అంతా ఆ పళ్ళ డాక్టరు చేతకానితనం" అని కొట్టిపారేసింది ఫల్దీలా. రెండుసార్లు సెట్టు మార్పించింది. బండి మీద చేపలమ్ముతూ కేకేస్తే వీధి చివరిదాకా వినిపించే గొంతు సాలీది. అది తిరిగి రావాలి, అంతే. మూడోసారి మార్పించడానికి ఈ మధ్యాహ్నమే వెళ్ళాలి.

ముందు ఆస్పత్రి పని. జబ్బు ఎంత ముదిరిందో చూడటానికి ఆర్నెల్లకోసారి మెదడు ఫోటోలు తీస్తారు. కిందటిసారి సాలీని అతని తమ్ముడు తీసుకొచ్చాడు, ఈసారి ఫల్దీలా వచ్చింది.

"లోపల పెద్ద అయస్కాంతం ఉంటుంది ఆంటీ. ఉంగరం, వాచీ, పళ్ళు, అన్నీ తీసెయ్యాలి" అంది ఫోటోలు తీసే పిల్ల నొసిఫో.

సాలీ గోడవైపు తిరిగి సెట్టు తీశాడు. భార్య రుమాల్లో పెట్టి, పెదాలు బిగించుకున్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో బోసినోరు ఆమెకు చూపించి ఎరగడు. తలుపేసుకునే పళ్ళు కడుక్కుంటాడు.

"అబ్బో, కొత్త పెళ్ళికూతురి సిగ్గు!" అంది ఫల్దీలా.

ఫోటోలయ్యాక డాక్టరు పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూపించాడు. ఒంటిని కదిలించే చోట మెదడు పొర ఇంకాస్త పలచబడింది.

"బొమ్మలదేముంది బాబూ! పళ్ళు కుదురుగా కూర్చుంటే మాట అదే వస్తుంది" అంది ఫల్దీలా.

సాలీ రుమాలు కోసం చెయ్యి చాపాడు. వాదన హడావుడిలో ఆమె చూసుకోలేదు. ఇక అతను నోరు తెరవక తప్పలేదు.

"ఫల్దీ, టైమవుతోంది. పళ్ళ డాక్టరు దగ్గరికి పోవద్దా?"

ఫల్దీలా ఠక్కున ఆగిపోయింది. పొద్దున సెట్టు పెట్టుకుని టీ అడిగినప్పుడూ ఇదే ముద్దమాట. ఇప్పుడు పళ్ళే లేవు, అయినా ఇదే ముద్దమాట. పిసరంత తేడా లేదు. బొమ్మలు చూసినప్పుడు పుట్టని భయం అప్పుడు పుట్టింది. కుర్చీ పట్టుకుని నిలబడింది.

కాసేపటికి రుమాలు విప్పి, సెట్టు అతని చేతిలో పెట్టింది.

"వద్దులేవయ్యా" అంది. "పాపం, ఆ పళ్ళ డాక్టరు తప్పేం లేదు."