ఖాళీ బొమ్మ

నాకు ఆగడం చేతకాదు. బస్సు పూర్తిగా ఆగకముందే దిగే రకం నేను. ఆ సాఫ్ట్‌వేర్ రాసిందీ అందుకే.

అనంతపురంలో మా కాలేజీ ల్యాబ్‌లో ఒక ఎక్స్‌రే యంత్రం ఉంది. చిన్న వస్తువును దాని పీట మీద నిలబెడితే, పీట గిర్రున తిరుగుతుంటే, అది వందల కొద్దీ నీడబొమ్మలు తీస్తుంది. ఆ నీడలన్నీ కలిపి, వస్తువును కోయకుండానే లోపలంతా చూపించడం సాఫ్ట్‌వేర్ పని. పాతది ఒక్క గింజకు నలభై నిమిషాలు తినేది. దాని ముందు కూర్చుని కూర్చుని ఒళ్ళు మండి, రెండేళ్ళు తంటాలు పడి నేనే ఒకటి రాశాను. అది నలభై సెకన్లలో తేల్చేస్తుంది. ఆ గొప్ప నాకు బాగానే తలకెక్కింది, దాచడం ఎందుకు.

ఆ సోమవారం పొద్దున్నే నాయన ల్యాబ్‌కు వచ్చాడు. శింగనమల దగ్గర మా ఊరు, మొదటి బస్సుకే బయల్దేరాడట. ముందురోజు సాయంత్రం మంచి వాన పడింది. మా ఎర్రనేలలో ఆ తడి మూడు రోజులకు మించి నిలవదు. ఆ పదునులోనే విత్తనం పడాలి. తప్పితే మళ్ళీ వాన ఎప్పుడో, అసలు వస్తుందో రాదో.

తువ్వాలు ముడి విప్పి పన్నెండు వేరుశనగ విత్తనాలు బల్ల మీద పోశాడు. ఏటా చేత్తో ఒలిపించేవాడు. ఈసారి కూలీలు దొరక్క కాయలు మిషన్‌లో కొట్టించాడు. ఆ దెబ్బకు లోపల మొలక పగిలిందేమోనని ఆయన దిగులు. శనివారమే నలభై గింజలు తడి గోనెలో చుట్టిపెట్టి చూస్తున్నాడు, ఇంకా మొలవలేదు.

“గోనె చెప్పేదాకా పదును ఆగదు మా. నీ మిషన్ జల్దీగా చెప్తాదంట గదా, చూడు” అన్నాడు.

పని మొదలుపెట్టే ముందు పీట మీద ఏమీ పెట్టకుండా ఒక ఖాళీ బొమ్మ తీయాలి. ఎక్స్‌రే పడే పలక మీద దుమ్మో మచ్చో ఉంటే అందులో పడుతుంది, సాఫ్ట్‌వేర్ దాన్ని లెక్కలోంచి తీసేస్తుంది. అదంతా కుదిరేసరికి పది నిమిషాలు. నాయన మాటిమాటికీ గోడ గడియారం చూస్తున్నాడు. నాకు కాలు నిలవడం లేదు. శుక్రవారం తీసిన ఖాళీ బొమ్మ ఉందిలే, అదే చాలనుకున్నాను.

గింజల్ని ఒక్కొక్కటే, మొలక ఉండే ముక్కు పైకి పెట్టి పీట నడిమధ్య నిలబెట్టాను. తెర మీద మొదటి గింజ తెరుచుకుంది. మొలక చుట్టూ సన్నటి నల్ల గీత. పగులే. రెండో గింజలోనూ అదే. పన్నెండింటిలోనూ అదే.

నాయన మొహం చూడలేకపోయాను. చూడలేకే ఇంకా గట్టిగా మాట్లాడాను. ఈ విత్తనం వేయొద్దన్నాను. గోనెలో మొలిచినా నమ్మొద్దు, లోపల పగిలింది కనుక నిలబడదు అన్నాను. ఆయన అడగని మాట అది. తెలివి ఎక్కువైతే నోరు ఊరుకోదు కదా. నాయన టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

బుధవారం మధ్యాహ్నం, నాతో పనిచేసే హేమలత యంత్రం సరిగ్గా ఉందో లేదో చూడటానికి ఒక మైనం ముక్క తెచ్చి పీట మీద పెట్టింది. లోపల ఏమీ లేని వట్టి మైనం, ఖాళీ బొమ్మ ఇంకా శుక్రవారానిదే. తెర మీద చూస్తే మధ్యలో గుండ్రంగా అదే సన్నటి నల్ల గీత.

పన్నెండు గింజల బొమ్మలూ పక్కపక్కన పరిచాను. అన్నింటిలో గీత ఒకే చోట, ఒకే కొలతలో ఉంది. పన్నెండు గింజలు ఒకేలా ఎక్కడైనా పగులుతాయా? బడిపిల్లలకైనా వచ్చే అనుమానం నాకు రాలేదు. పలక తుడిస్తే గుడ్డకు ఎర్రటి దుమ్ము నలుసు అంటింది. పీట తిరుగుతుంటే ఆ నలుసు నీడే ప్రతి బొమ్మలోనూ గుండ్రటి గీతగా పడింది. ఖాళీ బొమ్మ తీసి, నాయన వదిలిపోయిన గింజల్లో ఒకదాన్ని మళ్ళీ నిలబెట్టాను. గీత లేదు. మొలక నిక్షేపంగా ఉంది.

ఫోన్ చేస్తే ఎత్తలేదు. స్కూటర్ తీశాను. దారి పొడుగునా అందరి చేలలోనూ కొత్తగా విత్తిన సాళ్ళు. మా చేనొక్కటే ఖాళీగా ఉంది.

నాయన ఇంటి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. హెల్మెట్ తీయకుండానే అంతా చెప్పేశాను. తప్పు నాది, గింజలు మంచివి, ఇప్పుడే ట్రాక్టర్ పిలుద్దాం అన్నాను. ఆయన పక్కనున్న గోనె విప్పాడు. నలభైలో ముప్పై ఏడు గింజలకు తెల్లటి మొలకలు, అంగుళమేసి ఉన్నాయి.

“నిన్న పొద్దున్నే మొలిచినాయి” అన్నాడు.

“మరి ఎందుకు ఏయలేదు నాయనా?”

“మొలిచినా నమ్మొద్దంటివి గదా భారతీ.”

చేనికి పరిగెత్తాను. మట్టిలోకి వేలు పూర్తిగా దించి చూశాను, తడి తగల్లేదు. ఇంకో చోట, మరో చోట తవ్వాను. గోళ్ళ నిండా పొడి మన్నే. అక్కడే కూలబడి ఏడ్చాను.

నాయన వెనకే నడిచి వచ్చాడు. తిట్టి ఉంటే బాగుండేది. సంచిలోంచి తెచ్చిన పిడికెడు విత్తనాలతో చెయ్యి నా ముందు చాపాడు.

“ఇంగో వాన వస్తే ఏసుకుందాంలే. అప్పటికి ఇవి గూడా చూసి చెప్పు. ఈతూరి నిదానంగా చూడు మా.”

అందుకోవడానికి నాకు చెయ్యి రాలేదు. ఆయన మాత్రం ఆ పిడికిలి చాపి, నేను తీసుకునేదాకా అలాగే నిలబడ్డాడు.