ఊరికే అన్న మాట

పదకొండేళ్ళు కొట్లాడుకుంటే చివరికి తేలిందేమయ్యా అంటే గోడ ఇద్దరిదీ అని, ఆ సంగతి మొదటిరోజే ఆ వీధిలో ఎవరిని అడిగినా చెప్పేవాళ్ళు, ఒక అప్పీలు, దాని మీద రెండో అప్పీలు, ఇవాళ్టికి అది కొట్టేశారు, ఆ గోడ తాలూకు పాత తెలుగు క్రయపత్రాన్ని ఇంగ్లీషు చేసింది మునినారాయణప్పే, మైసూరు సంస్థానం పెద్దకోర్టులో తర్జుమాదారు, ముప్పై ఏళ్ళుగా కోలారు వైపు తెలుగు సాక్షుల మాటలు జడ్జీలకు ఇంగ్లీషులో పెట్టేవాడు, ఇంకో ఎనిమిది నెలల్లో పెన్షను, ఇప్పుడు కబ్బన్ పార్కు మట్టిబాటలో కాళ్ళీడ్చుకుంటూ కాటన్‌పేటలోని ఇంటికి పోతున్నాడు, గోడ సంగతే తలుచుకుందాం, అదే హాయి, గోడను ఎవరూ ఉరితీయరు.

ఇవాళ రెండో తీర్పు క్రిమినలుది, బాగేపల్లి వైపు సేద్యగాడు చిక్కమునియప్ప, బావి నీళ్ళ వంతు దగ్గర తమ్ముడితో మాటామాటా పెరిగి చేతిలో ఉన్న పారతో ఒక్క దెబ్బ వేశాడు, తమ్ముడు పొద్దు వాలేలోగా పోయాడు, కొట్టలేదని చిక్కమునియప్ప కూడా అనలేదు, చంపాలనే కొట్టాడా కోపంలో కొట్టాడా అన్నదొక్కటే మిగిలింది, కింది కోర్టు ఆ దెబ్బను చూసి ఉరిశిక్ష వేసింది, మనసులో ఏముందో పై కోర్టు తేల్చాలి, తేల్చింది, జడ్జిగారు కళ్ళద్దాలు సర్దుకుని, తమ్ముణ్ణి చంపుతాను చంపుతాను అని ముద్దాయి ఎన్నాళ్ళుగానో అంటూ వచ్చాడు, ఇది చెప్పింది పరాయివాళ్ళు కాదు, సొంత మేనత్త, అని చదివాడు, అంటూ వచ్చాడన్న ఆ ఇంగ్లీషు వాక్యం మునినారాయణప్పది, కామాతో సహా తనది, బాగా కుదిరిందే అని ఒక్క క్షణం గర్వంలాంటిది కూడా కలిగింది, ఆ వెనకే ఉరి ఖాయమన్నారు.

తీర్పయ్యాక ఆ మేనత్త కోర్టు వరండాలో ఎదురైంది, పాపక్క, మోకాళ్ళు పట్టుకుని మెట్టు మీద కూర్చుని ఉంది, తల్లి పోయిన అన్నదమ్ములిద్దర్నీ సాకింది ఆమే, అప్పా, నా మాటలు ఇంగిలీసులో రాసింది మీరేనంట, ప్లీడరయ్య సెప్పినాడు, వాడు పొద్దుగూకులూ సంపుతా సంపుతా అంటాండె, ఊరికే అంటాండె సామీ అని కదా నేను సెప్తిని, ఎద్దునూ అంటాండె, నన్నూ అంటాండె, ఆ మాట రాసినారా, అని అడిగింది, కోపంగా కాదు, ఇంట్లో దీపం ఆర్పినామా అని అడిగినట్టు, రాసినామవ్వా, అంతా రాసినాము, అన్నాడు తాను, ఎంత సులువుగా వచ్చింది ఆ మాట, అట్లయితే దొరలకు అర్థం కాలేదేమోలే, మహారాజావారికి అర్జీ పెట్టే దారి ఇంకా ఉండాదంట, స్టేషను కాడ సత్రంలో ఉండాను, పెట్టేదాకా ఊరికి పోను, అని ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది, తాను గొడుగు వెతుక్కుంటున్నట్టు అటు తిరిగిపోయాడు.

పార్కు బయట రోడ్డు మీద మిలిటరీ లారీలు వరసగా పోతున్నాయి, దుమ్ము, యుద్ధం మొదలయ్యాక తర్జుమా సెక్షనులో ఇద్దరు మిలిటరీ ఆఫీసులకు వెళ్ళిపోయారు, ముగ్గురి పని తన ఒక్కడి నెత్తిన, ఆ సాక్ష్యాల కట్టే అరవై పుటలు, కళ్ళు మంటలు, ఊరికే అన్న మాట దగ్గర పెన్ను ఆగింది, ఆగినట్టు జ్ఞాపకం ఉంది, అదే కష్టం, జ్ఞాపకం లేకపోతే నిద్రపట్టేది, ఊరికేకు ఇంగ్లీషు ఏమిటి, కారణం లేకుండా అని రాయాలా, కారణం లేకుండా చంపుతానన్నాడంటే అది ఇంకా ఘోరం, ఊరికే వచ్చాను, ఊరికే ఇచ్చాడు, ఊరికే కూర్చోబెట్టి మేపుతామా, ఎక్కడికక్కడ వేరే అర్థం, ఇంట్లో తన భార్య కదిరమ్మ రోజూ పిల్లిని సంపుతానంటుంది, తన కాఫీలో తగ్గించి దానికే పాలు పోస్తుంది, అది ఏ డిక్షనరీలో ఉంటుంది, ఈ వైపు జనం నోట ఇది ఉత్తుత్తి బెదిరింపు అని కింద ఒక్క ముక్క రాస్తే సరిపోయేది, మధ్యాహ్నపు గంట కొట్టారు, కాఫీకి లేచాడు, తిరిగొచ్చి తర్వాతి వాక్యం నుంచి మొదలుపెట్టాడు.

అలసిపోయాను, ఎవరైనా అలసిపోతారు, ఆ మాట ఉన్నా జడ్జీలు ఇదే తీర్పు చెప్పేవారేమో, చెప్పకపోదురేమో, ఇప్పుడు వెళ్ళి నేను వదిలేశానని రాసిస్తే ఎనిమిది నెలల ముందు సంజాయిషీ అడుగుతారు, పెన్షను ఆపుతారు, ముప్పై ఏళ్ళ తర్జుమాలన్నీ తిరగేస్తారు, ఇంకెన్ని ఊరికేలు బయటపడతాయో, మైసూరు బ్యాంకు దాటాడు, కాళ్ళు రాళ్ళలా ఉన్నాయి, ఎవరో ఒకరు కనిపెడతారులే, ఎవరు, ప్లీడరుకు తెలుగు వింటే తెలుస్తుంది, చదవడం రాదు, జడ్జీలకు ఇంగ్లీషు కాగితమే వెళ్ళింది, కింది కోర్టు గుమాస్తా తెలుగులో రాసుకుని కట్టకట్టి పంపాడు, ఇంగ్లీషు అతను చూడలేదు, పాపక్కకు ఏ అక్షరమూ రాదు, ఇంకెవరు, ఇంకెవరు అనుకుంటూ కాటన్‌పేటకు తిరగాల్సిన మలుపు దగ్గర నిలబడిపోయాడు, జట్కావాడు పక్కకు జరగప్పా అంటున్నాడు, వినపడుతోంది, కదలలేకపోతున్నాడు, ఎందుకంటే ఈ సంస్థానం మొత్తంలో ఆ రెండు కాగితాలూ చదివినవాడు తానొక్కడే, జడ్జీల తీర్పు మీద మహారాజావారి దాకా పోవచ్చు, తన వాక్యం మీద అప్పీలుకు పోగలిగినవాడు తాను తప్ప ఇంకో మనిషి లేడు, అలసట ఎక్కడికీ పోలేదు, అట్లాగే ఉంది, దానితోనే నడవాలి, మలుపు వదిలేసి నేరుగా స్టేషను వైపు, సత్రం వైపు అడుగు వేశాడు, ప్లీడరుకు రేపు, సెక్షనుకు ఎల్లుండి, ముందు ఆమెకు, రాయలేదవ్వా, ఆ ఒక్క మాట నేను రాయలేదు.