నాలుగు మాటలు

బ్రాన్విన్ వంటింట్లో మోకాళ్ళ మీద కూర్చుని, నేలకి అంటుకుని ఎండిపోయిన వీట్‌బిక్స్ గోధుమ అటుకుల్ని చాకుతో గీకుతోంది. పొద్దున ఫిన్ గిన్నె విసిరేశాడు. అరటిపండు తొక్క తనే ఒలుచుకోవాలని వాడి పంతం, తొందరలో తల్లి ఒలిచేసింది. ఆ నేరానికి పావుగంట నేలమీద పడి దొర్లాడు. రెండేళ్ల పిల్లలు అంతేనని ఆమెకి తెలుసు. భర్త లాక్లన్‌కి తెలియదు. అతనికి ఉత్తరాన ఇనుప గనిలో రెండు వారాలు పని, ఆ తర్వాత విమానమెక్కి వచ్చి ఇంట్లో ఒక వారం సెలవు. ఆ వారమంతా అతను చేసేది తీర్పులు చెప్పడం.

"గారాబం చేసి చెడగొట్టావు. నువ్వు గట్టిగా ఉంటే వాడు ఇలా చేస్తాడా?" అన్నాడు కాఫీ కప్పు సింకులో పడేస్తూ. సింకుదాకా తెచ్చాడు, అదే పదివేలు.

పిల్లాడి మాటల సంగతి ఎత్తితే మాత్రం నవ్వేస్తాడు. రెండేళ్లు నిండినా ఫిన్‌కి నాలుగే మాటలు వచ్చు. కొత్తవి రావడం లేదు. అత్తగారు గ్లెనిస్ అయితే, లాక్లన్ కూడా మూడేళ్లదాకా నోరు విప్పలేదని, ఈ కాలం తల్లులకి లేనిపోని అనుమానాలని ఫోన్లో అరగంట దులిపింది. పిల్లలందరూ చేసే అల్లరేమో తన తప్పట, సాయం కావలసిన లోటేమో మామూలేనట. తలుచుకుంటేనే బ్రాన్విన్‌కి ఒళ్ళు మండుతుంది.

ఆ రోజే ఫిన్‌కి రెండేళ్ల ఎదుగుదల పరీక్ష. నర్సుకివ్వాల్సిన ప్రశ్నల కాగితాలు ఐదు రోజులు ఫ్రిజ్‌కి అతికించుకుని, వాణ్ణి గమనిస్తూ ఒక్కొక్క గడీ పెన్సిల్‌తో నింపింది. బయలుదేరేటప్పుడు ఆమె ఫిన్‌ని కారు సీట్లో కట్టే అవస్థలో ఉంటే, కాగితాలు లాక్లన్ పట్టుకొచ్చాడు.

క్లినిక్‌లో నర్సు వాటిని తిరగేసి నవ్వింది. "రెండేసి మాటలు కలుపుతున్నాడు, బొమ్మల పేర్లు చెబుతున్నాడు. అంతా బాగుంది. ఇక బడికెళ్లే ముందు చూద్దాం."

బ్రాన్విన్ వంగి చూసింది. తన పెన్సిల్ గుర్తులు చెరిపేసి ఉన్నాయి. వాటిమీద పెన్నుతో వరసగా 'అవును, అవును, అవును'.

"మనవాడికేదో లోపమని రాయించడం దేనికి?" అన్నాడు లాక్లన్ ఆమె చెవిలో.

మాటలు నేర్పే నిపుణురాలి దగ్గర ఇప్పటికే ఎనిమిది నెలలు ఆగాల్సినంత వరస. నర్సు రాసిస్తేనే ఆ వరసలో చోటు. తన పరువు కోసం కన్నబిడ్డ నోరు కట్టేయబోయాడు ఈ మనిషి. ఇన్నాళ్లూ ఒక్క వారమేగా, గొడవెందుకని ఎన్ని మింగిందో. ఇది మాత్రం మింగుడుపడలేదు.

"అవన్నీ అబద్ధాలు," అంది నర్సుతో. "వీడికి నాలుగే మాటలొచ్చు. నాకు కొత్త కాగితాలివ్వండి, ఇక్కడే నింపుతాను."

లాక్లన్ ఆమె మోచేయి పట్టుకున్నాడు. "బ్రాన్, ఇంటికెళ్లి మాట్లాడుకుందాం."

ఆమె చేయి విదిలించుకుంది.

"వీడు చెప్పే నాలుగు మాటలూ ఏవో చెప్పు లాక్లన్. ఒక్కటి చెప్పినా ఇంటికొస్తాను."