తలంటు పోసుకున్న పందెం కారు

నేనొక పందెం కారుని. నవ్వకండమ్మా, నిజంగానే పందెం కారుని. పెట్రోలు తాగను, పొగ వదలను, మూరెడు కూడా ఉండను, ఒళ్లంతా కర్రే. అయితేనేం, వాలుగా పెట్టిన బల్లచెక్క మీద నుంచి నన్ను వదిలి చూడండి. మీరు రెప్ప వేసేలోపు కింద ఉంటాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా చక్రాలు జిలజిలలాడతాయి.

నా పుట్టుక కొండపల్లి. అక్కడి కొండల మీద పెరిగే తెల్ల పొణికి చెట్టు నా తల్లి. ఆ కర్ర దూదిలా తేలిగ్గా ఉంటుంది. ఒక బొమ్మల మేస్త్రి నన్ను అంబారీ ఏనుగుని చేద్దామని కోసి, సెగ మీద ఆరబెట్టాడు. ఏనుగుకి కడుపు చాలదని పక్కన పడేశాడు. నాకు భలే చిన్నతనమైంది. మనుషులు ఇంతేనమ్మా, ఒక పనికి కొరగాకపోతే దేనికీ కొరగారనుకుంటారు. అలా మూల పడి ఉన్న నన్ను చూసి ముచ్చటపడి, అడిగి మరీ తెచ్చుకున్నాడు వీరరాఘవులు.

రాఘవులు బెజవాడలో ఎర్ర బస్సు నడిపి రిటైరైన మనిషి. బతుకంతా స్టేజీ స్టేజీకి ఆగుతూ, గేదెలకి దారిస్తూ, వెనక నుంచి కండక్టరు ఈల వేస్తే బ్రేకు తొక్కుతూ గడిపాడు. పాపం, ఒక్కసారి కూడా తనివితీరా తోలలేదు. ఇంట్లో కూర్చున్నాక ఆ కోరికంతా చేతుల్లోకి దిగింది. ఒక పాత క్యాలెండరులో పొడుగు ముక్కు పందెం కారు బొమ్మ కనబడితే గోడకి అంటించుకుని, ఇక ఉలి దించలేదు.

నన్ను ఎంత ముద్దుగా చేశాడో చెప్పనా! ముక్కు చెక్కి, ఉప్పుకాగితంతో రుద్ది రుద్ది గుడ్డు పెంకులా నునుపు తేల్చాడు. చక్రాలకి సైకిల్ ట్యూబు తొడిగాడు. కుంకుమ భరిణె అద్దం పగిలితే ఆ ముక్కలు నాకు పక్క అద్దాలయ్యాయి. పొగ గొట్టాలు వెదురు పుల్లలు. స్టీరింగు తిప్పితే ముందు చక్రాలు నిజంగానే తిరుగుతాయి! కడుపులో వలకి కట్టే సీసం గుళ్లు పెట్టి బరువు కూర్చాడు. ముందు చక్రాల ఇరుసుని ఒక చిన్న దిమ్మలో దూర్చి, ఆ దిమ్మని నా పొట్ట కింద మక్కుతో అతికాడు. మక్కంటే చింతగింజల పిండీ రంపపుపొట్టూ కలిపిన ముద్ద. కొండపల్లి బొమ్మలన్నిటికీ కీళ్లు అతికేది అదే. బజారు జిగురు వాడవయ్యా అంటే ఒప్పుకోడు. పైన ఎర్ర రంగు వేశాడు కానీ పొట్ట కింద ఎవరు చూస్తారులే అని వదిలేశాడు. లోపల కూర్చోబెట్టిన బొమ్మకి మాత్రం ఖాకీ చొక్కా వేశాడు.

దాన్ని చూసి ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే మీరావలి పడీపడీ నవ్వాడు. అతనికీ ఇదే పిచ్చి. అతనిది టేకు కారు.

"రేసు కారుకి ఖాకీ డ్రైవరేందన్నా? మధ్యలో ఆపి టీ తాగొస్తాడా?"

"నీ టేకు మొద్దు కదిలేసరికి మావాడు టీ తాగి, పేపరు కూడా చదివొస్తాడు. పో!"

నవ్వులాటే గానీ రాఘవులు గుండెలో గుబులుంది. ఆయుధపూజ నాడు మీరావలి షెడ్డులో ఈ కర్రకార్ల పందెం పెడతారు. రాఘవులు అంతకు ముందు చేసిన కార్లన్నీ దారిలోనే బోర్లా పడ్డాయి. ఆయన భార్య మాణిక్యమ్మకి ఒళ్లు మండిపోయింది.

"ఆవకాయ జాడీలో పొట్టు, మంచం మీద పొట్టు, తాగే నీళ్లలో పొట్టు! ఈసారి కూడా నీ కారు గీత దాటకపోయిందో, ఆ ఉలులూ రంపాలూ పాత ఇనప సామాన్లోడికి వేసేస్తా. ఒప్పుకుంటావా?"

"ఒప్పుకున్నా మాణిక్యం," అన్నాడు రాఘవులు.

పండగ రానే వచ్చింది. రాఘవులు తన పనిముట్లన్నీ కడిగి, బొట్లు పెట్టి దేవుడి ముందు పెట్టాడు. పూజలో పెట్టిన పనిముట్టుని ఆ రోజు ముట్టుకోకూడదు. ఆయన స్నానానికి వెళ్లగానే మాణిక్యమ్మ నా దగ్గరికి వచ్చింది. అటూ ఇటూ చూసింది. ఎన్ని తిట్టినా మొగుడు ఓడిపోవాలని ఏ ఇల్లాలికి ఉంటుందమ్మా? "పూజ లేకుండా బండి ఎట్టా కదిలిద్ది? ముందు కడగాలి కదా," అని గొణుక్కుని, నన్ను బిందె పక్కన పెట్టి పసుపు నీళ్లతో సుబ్బరంగా తలంటు పోసేసింది! ముక్కున బొట్టు పెట్టింది. చక్రం కింద నిమ్మకాయ పెట్టి తొక్కించింది. ఎంత బాగుందనుకున్నారు! పెళ్లికూతురిలా మెరిసిపోయాను.

ఆ మెరుపు షెడ్డు దాకానే. పందెం బల్ల ఎక్కించబోతుంటే ముందు చక్రాలు దిమ్మతో సహా ఊడి రాఘవులు అరచేతిలో పడ్డాయి. రంగు లేని పొట్టలో నీళ్లు దిగి, మక్కు మెత్తటి గంజయిపోయింది.

"నేనే కడిగానయ్యా," అంది మాణిక్యమ్మ. "బండి కదా అని..."

ఆయన లారీ చక్రానికి ఆనుకుని కూలబడ్డాడు. తిట్టినా బాగుండేది.

"ఒక మేకూ సుత్తీ ఇయ్యి మీరావలీ," అంది ఆమె.

"నా సుత్తి కూడా పూజలోనే ఉంది వదినా, ఇంత బొట్టు పెట్టుకుని. ఇవాళ దాన్ని కదిపితే మా మేస్త్రీలు నన్ను కదుపుతారు."

ఆమె చుట్టూ చూసింది. లారీకి వేసే దండలు కట్టగా మిగిలిన పూలూ, తడి అరటినారా ఒక పళ్లెంలో ఉన్నాయి. పనిముట్లు ముట్టుకోకూడదు కానీ, నారకేం దోషం? చతికిలబడి నన్ను ఒళ్లో పెట్టుకుంది. దిమ్మని పొట్టకి అదిమి, నా ముక్కు మీదుగా, దిమ్మ కిందుగా నార తిప్పింది. మల్లెపూలు కట్టే చేతులమ్మా అవి. చూపు అందుకునేలోపు ముడి మీద ముడి పడింది. చక్రం తిప్పి చూసింది. తిరిగింది!

"కారుకి దండ వేశావా వదినా?"

"నీ కారుకి పాడె కడతాలే, ఉండు!"

షెడ్డంతా గొల్లుమంది. రాఘవులు లేచి నిలబడ్డాడు.

వదిలారు! టేకు కారు రాయిలా దొర్లిపోయింది. దాని వెనకే నేను. గాలి, కేకలు, కిందా మీదా తెలియని ఊపు! నార బిగిసి ముక్కు నొప్పెడుతోంది, అయినా ఆగితే ఒట్టు. ఖాకీవాడు కూడా ఏ స్టేజీలోనూ ఆపలేదు. బల్ల దిగి గచ్చు మీద పడ్డాను. మీరావలి కారు గీత దాటేసింది. నాకు ఊపు తగ్గుతోంది. సుద్దగీత కనబడుతోంది, దగ్గరవుతోంది... ముందు చక్రాలు దాటాయి. వెనకవి ఇవతలే ఆగిపోయాయి.

ఒక్కసారిగా గోల. "దాటింది!" "ఎక్కడ దాటింది, సగం ఇటే ఉంది!" మీరావలి గచ్చు మీద బోర్లా పడుకుని మరీ చూశాడు. తేల్చలేకపోయాడు. చివరికి అందరూ మాణిక్యమ్మ వైపు తిరిగారు. పంతం ఆమెది కదా! ఆమె "లేదు" అంటే చాలు, ఇల్లు శుభ్రం. రాఘవులు మాత్రం తలెత్తలేదు.

ఆమె కొంగు బిగించి నా పక్కన నిలబడింది. "బస్సు వంతెన ఎక్కిందంటే ముందు చక్రాలు ఎక్కినట్టే గదా? వెనక చక్రాల కోసం ఎవరన్నా కాసుకుని కూచుంటారా? దాటింది. నేను చెప్తన్నా, దాటింది!"

అందరికంటే ముందు మీరావలే చప్పట్లు కొట్టాడు. రాఘవులు నన్ను ఎత్తుకున్నాడు. ఆయన ఒక్క గెంతు గెంతేసరికి నా కడుపులో సీసం గుళ్లు గలగలలాడాయి.

ఇప్పుడు నేను వాళ్ల టీవీ పక్కన ఉంటున్నాను. రోజూ నాకు మంచి కాలక్షేపం. కింద చాప మీద కొత్త పొణికి మొద్దు ఉంది. ఆయన ముక్కు పొడుగు పెట్టాలంటాడు, ఆవిడ చక్రాలు పెద్దవి పెట్టమంటుంది. "నీకేం తెలుసే?" "నీకు తెలిసింది చూశాంలే!" అని పొద్దస్తమానం కీచులాట. ఇద్దరి తలలూ పొట్టుతో తెల్లబడ్డాయి.

ఆ మొద్దుకింకా ముక్కూ మొహమూ లేవు. అయినా దాన్ని చూస్తే నాకు ఒళ్లు ఊరుకోదు. తొందరగా తయారవ్వవే చెల్లీ, బల్లెక్కి చూసుకుందాం!