పన్నెండు అంగుళాల బాండు

పొద్దున్నే షాపు తలుపు తీసి దర్జీ మెడలో టేపు వేసుకుంటాడు. భార్య కిటికీ పక్కన కూర్చుని చొక్కాలకు చేత్తో కాజాలు కుడుతుంది. ఆ సన్నపనితో ఆమె చూపు మందగిస్తోందని, పదేళ్ల కిందట దర్జీ పదివేలు పెట్టి ప్రభుత్వ పొదుపు బాండు కొన్నాడు. పదేళ్లకు ఇరవై వేలవుతుంది. కాజా మిషన్ ధర అప్పట్లో సరిగ్గా ఇరవై వేలు. పిల్లలు ఎదుగుతారని ప్రతి గౌనుకూ లోపల రెండంగుళాల మడత వదిలే మనిషి, ఈ లెక్కలో మాత్రం మడత వదల్లేదు.

కొన్ననాడు బాండు పొడవు పన్నెండు అంగుళాలు. ఏడాది తిరిగేసరికి పదకొండున్నర అయింది. ధరలు వడ్డీని దాటి పరుగెత్తిన ఏడు బాండ్లు కురచవుతాయని ఆ ఊళ్లో అందరికీ తెలుసు. పక్కింటి మాస్టారు తన బాండును ఇప్పుడు కళ్లజోడు పెట్టెలో దాచుకుంటున్నారు.

"తగ్గిందండీ," అంది భార్య టేపు చుడుతూ.

"ఏం తగ్గింది? అంకె పెరుగుతోంది కదే! పైగా సర్కారు ముద్ర."

"అంకె సంగతి నాకు తెలీదు. టేపు అబద్ధం చెప్పదు."

"నీదంతా చాదస్తం!"

ఆమె టేపు పక్కన పెట్టి సూది అందుకుంది. ఆ ఏటి నుంచి బాండు ఎంత కురచైతే కాజా కూలి అంత పెంచింది. బట్టలిచ్చేవాళ్లు సణిగారు, సణుగుతూనే ఇచ్చారు.

పదో ఏడు బాండు ఎనిమిదంగుళాలకు దిగింది. ఇంకో ఏడాది ఇలాగే కుడితే చూపు దక్కదన్నాడు డాక్టరు. దర్జీ బాండు ఇచ్చి తెచ్చిన ఇరవై వేలూ జేబులో పెట్టుకుని మిషన్ల కొట్టుకు వెళ్లి, వాడిన మొహంతో తిరిగొచ్చాడు.

"అరవై వేలట! పదేళ్ల తర్వాత తొడిగే చొక్కాకి అప్పుడే కొలత తీశాను. నీ కళ్లు నేనే పాడుచేశానే," అని కుర్చీలో కూలబడి ఏడ్చాడు.

"ముందు ఆ ఇస్త్రీ బల్ల మీద దుప్పటి తియ్యండి."

నేలదాకా వేలాడే దుప్పటిని అతను లాగేశాడు. ఆరేళ్లుగా అతను ఇస్త్రీ చేస్తున్నది కాజా మిషన్ బల్ల మీద! కింద స్టాండు, పెడలు, మోటారు. ఏ ఏటి కూలితో ఆ ఏడే, ఒక్కొక్కటీ కొని బిగించి పెట్టింది.

"కొన్న వస్తువు కురచవదు కదండీ. ఇక పైన బిగించే కుట్టు హెడ్డు ఒక్కటే మిగిలింది. ఇరవై వేలే, అడిగొచ్చాను."

దర్జీ చెప్పులు కూడా వేసుకోకుండా కొట్టుకు పరుగెత్తాడు.

మర్నాడు మిషన్ మొదటి కాజా అతని చొక్కాకే కుట్టింది. భార్య ఖాళీ చేతులు ఒళ్లో పెట్టుకుని, కిటికీలోంచి వీధిని చూస్తూ కూర్చుంది. వేడెక్కిన ఇస్త్రీపెట్టె ఎక్కడ పెట్టాలో తెలియక, చేత్తో పట్టుకుని ఆమెనే చూస్తూ అతను చాలాసేపు నిలబడ్డాడు.