రోడ్డవతల సిగరెట్టు

గ్యాసు ఇన్‌స్పెక్టరు వచ్చి, కింది వాటా ముసలామె ఫిలోమినా రోచ్ వంటింట్లో పది నిమిషాలున్నాడు. గోడకి ముక్కు ఆనించాడు. స్టవ్ వెనక చెయ్యి పెట్టి తడిమాడు. నల్ల పుస్తకం తీసి 'లీకు లేదు, ప్రమాదం లేదు' అని రాసి సంతకం గీకాడు. మరి ఈ వాసనేమిటని పై వాటాలో ఉండే కన్సెప్టా అడిగితే, క్యాబేజీ ఉడకబెట్టుకునే కొంపల్లో వాసన రాక అత్తరొస్తుందా అని నవ్వి, టోపీ పెట్టుకుని బయటపడ్డాడు.

కన్సెప్టా మెట్లెక్కి మొదటి అంతస్తు వరండాలోంచి అతను వెళ్లడం చూసింది. గుమ్మం దగ్గరే సిగరెట్టు తీసి నోట్లో పెట్టుకున్నాడు, వెలిగించలేదు. గేటు దాటాడు, అప్పుడూ వెలిగించలేదు. రోడ్డు దాటి రేవు గోడ దాకా నడిచి, వెనక్కి తిరిగి బ్లాకుని ఒకసారి పైనుంచి కింద దాకా చూసి, అప్పుడు అగ్గిపుల్ల గీశాడు. ఆ రోజు గాలన్నదే లేదు. అంత దూరం పోయి వెలిగించుకోవాల్సిన అగత్యం ఏమొచ్చిందో కన్సెప్టాకి వెంటనే అర్థమైంది. ఆమె ఇద్దరు ఆడపిల్లల మంచం సరిగ్గా ఫిలోమినా వంటింటి పైన ఉంది.

క్యారిగ్‌మోయిల్ రేవులో ఉన్న ఆ బ్లాకులో నలభై ఎనిమిది వాటాలు. మగవాళ్లు ఓడల్లో బరువులు మోసేవాళ్లు, ఆడవాళ్లలో సగంమంది పంది మాంసం ఫ్యాక్టరీ కూలీలు. కన్సెప్టా మొగుడు ఇంగ్లండులో రోడ్లు వేస్తున్నాడు. వాళ్ల పొయ్యిల్లోకి వచ్చేది రేవు చివర బొగ్గు కాల్చి తీసే గ్యాసు. కిందటేడు ఎండాకాలం బరువు లారీల కోసమని కౌన్సిల్ వాళ్లు రోడ్డు తవ్వి గట్టిగా వేశారు. అప్పటినుంచీ వాసన. కిందెక్కడో గొట్టం దెబ్బతిన్నదని తెలుసుకోవడానికి పెద్ద చదువులేం అక్కర్లేదు. కానీ గొట్టం బాగుచెయ్యాలంటే రోడ్డు మళ్లీ తవ్వాలి. తవ్వితే రేవు కంపెనీ లారీలు ఆగుతాయి. నలభై ఎనిమిది కుటుంబాల ఊపిరి ఒక పక్కా, లారీలు ఒక పక్కా పెడితే ఎవరు ఎటు మొగ్గుతారో చెప్పాలా?

ఫిలోమినాకి డెబ్బై నాలుగేళ్లు. ఎప్పుడో విషజ్వరం వచ్చి ముక్కు పోయింది. ఆమెకి వాసన తెలియదు. అందుకని రోజూ పొద్దున ఆరున్నరకి, ఫ్యాక్టరీకి పోయేముందు, కన్సెప్టా కిందికి దిగి తలుపు తట్టేది, కిటికీ తెరిచేది, వంటింట్లో నాలుగు మూలలా వాసన చూసి తల ఊపేది. అప్పుడుగానీ ముసలామె స్టవ్ వెలిగించేది కాదు. "నా ముక్కు పై వాటాలో కాపరముంటోంది" అని తన పంజరంలోని పచ్చ పిట్టకి చెప్పేది.

ఫిర్యాదు చెయ్యలేదా అంటే, చెయ్యనివాళ్లెవరు? ఆ ఊరినుంచి పార్లమెంటుకి వెళ్లిన పెద్దమనిషి ఇగ్నేషియస్ పర్సెల్ ప్రభుత్వంలో ఉపమంత్రి. ప్రతి శనివారం హర్లీ సారాకొట్టు వెనక గదిలో దర్బారు పెట్టేవాడు. పింఛను కావాలన్నా, ఆస్పత్రి కార్డు కావాలన్నా, కొడుక్కి రేవులో పని కావాలన్నా ఆ గదిలోకి ఒక్కొక్కరే వెళ్లాలి. వెళ్లినవాళ్లు పక్కింటికి చెప్పరు. చెబితే తమ వంతు వెనక్కి పోతుందేమోనని భయం. వారం తిరక్కుండా సర్కారు ముద్ర, వీణ గుర్తున్న కవరు వచ్చేది. మంత్రి మన పేరు పెట్టి రాశాడంటే మనం ఆయన మనుషులమేనని లోపల చిన్న గర్వం. కన్సెప్టా తన ఉత్తరాన్ని పిల్లల జనన పత్రాలతోపాటు దాచింది. ఫిలోమినా అయితే ఫ్రేము కట్టించి యేసు తిరుహృదయం పటం కింద తగిలించింది.

నవంబరులో ఒక మంగళవారం, రేవంతా మంచు. కన్సెప్టా తలుపు తట్టింది. ముసలామె పలకలేదు. పక్కవాళ్లని పిలిచి తలుపు తోయించింది. చలికి కిటికీ బిగించి ఉంది. పిట్ట పంజరం అడుగున వెల్లకిలా పడుంది. ఫిలోమినా కుర్చీలో కూర్చునే ఉంది, ఒళ్లో జపమాల. చెంపలు మాత్రం పెళ్లికూతురి చెంపల్లా ఎర్రగా ఉన్నాయి.

డాక్టరు వచ్చి 'వయసు, గుండె బలహీనత' అని కాగితం రాసి వెళ్లాడు.

శవానికి స్నానం చేయించడానికి నోనీ క్యాగ్నీ వచ్చింది. రేవు వీధుల్లో ముప్ఫై ఏళ్లుగా పోయినవాళ్లందరినీ కడిగి, బట్టలు తొడిగి, చేతులు కట్టేది ఆమే. పర్సెల్ పేరెత్తితే దండం పెట్టే మనిషి కూడా ఆమే, ఎందుకంటే ఆమె కొడుక్కి రేవులో గుమాస్తా పని వేయించింది ఆయన. నోనీ ఫిలోమినా చేతులు కడిగింది, మెడ కడిగింది, చెంపల దగ్గర ఆగింది. గుడ్డ బకెట్లో వేసి వంగి దగ్గరగా చూసింది.

"గుండె ఆగినవాళ్లని నేను వందమందిని కడిగాను కన్సెప్టా. ఒక్కరికీ ఈ రంగు లేదు. కొలిమిలో బొగ్గు వేస్తూ గ్యాసు మింగి పోయిన స్టోకర్లకి ఉండేది ఈ రంగు."

"ఆ మాట బయట అంటావా?"

నోనీ బకెట్లోంచి గుడ్డ తీసి పిండి, మళ్లీ మెడ తుడవడం మొదలుపెట్టింది. ఆమె కొడుకు ఇంకా రేవు ఆఫీసులోనే ఉన్నాడు మరి.

ఆ మధ్యాహ్నం బ్లాకంతా ఫిలోమినా ఇంట్లోనే ఉంది. కిటికీలన్నీ బార్లా తెరిచి, శవపెట్టె చుట్టూ కుర్చీలు, చేతుల్లో టీ కప్పులు. టీ మాత్రం ఎదుటి వీధిలో కాచి తెచ్చారు. అప్పుడొచ్చాడు మాలకీ టూహీ. ఇప్పుడు అదే ఊరినుంచి ప్రతిపక్షంలో కూర్చునే రెండో పార్లమెంటు సభ్యుడు, మొన్నటి ఎన్నికల దాకా ఆ వీధుల్లో ఇరవై రెండేళ్లు టపా పంచిన పోస్ట్‌మ్యాన్. పెట్టె దగ్గర మోకరించాడు, లేచాడు, గోడమీద ఫ్రేముని చూశాడు.

"దీన్ని తెచ్చింది నేనే. ఆ వారం ఈ మెట్లమీద ఇలాంటివి నలభై దాకా పంచాను."

కన్సెప్టా లేచి పైకి వెళ్లి తన ఉత్తరం తెచ్చింది. ఫ్రేము పక్కన పెట్టి చదివింది: 'మీ సమస్య నా దృష్టికి వచ్చింది. దాన్ని నేను స్వయంగా అధికారుల వద్ద గట్టిగా ప్రస్తావించాను. విషయం చురుకైన పరిశీలనలో ఉంది. ఈలోగా మీరు ఆందోళన చెందవలసిన అవసరం ఎంతమాత్రం లేదు.' పేరు తప్ప ఒక్క అక్షరం తేడా లేదు. తర్వాత ఒకామె చేతిసంచిలోంచి తీసింది, ఒకామె రొట్టెల డబ్బాలోంచి తెప్పించింది. ముప్ఫై ఏడు ఉత్తరాలు తేలాయి. సంతకంలో చివరి వంకర కూడా అన్నిట్లో ఒక్కటే. అది మనిషి చెయ్యి కాదు, రబ్బరు ముద్ర.

సిగ్గుతో కొందరి మొహాలు మాడిపోయాయి. వాదన మొదలైంది. పర్సెల్ మా నాన్న శవాన్ని మోశాడని ఒకాయన, మోస్తాడు, ఓటు కూడా మోసుకుపోతాడని ఇంకొకామె. మాలకీ మనకోసం పార్లమెంటులో దులిపేస్తాడు, మనకెందుకు గొడవని మరొకాయన. ఆ మాటకి మాలకీ తల అడ్డంగా ఊపాడు.

"నాకిచ్చేది నాలుగు నిమిషాలు. నేను మాట్లాడతాను, ఆయనేదో చదువుతాడు, దీపాలు ఆర్పేస్తారు. అందులో గొట్టం బాగుపడేది లేదు. మీరొచ్చి చూడండి, చూశాక ఏంచెయ్యాలో మీరే అనుకోండి."

అప్పటిదాకా మూల కూర్చున్న నోనీ నోరు విప్పింది. "ఆ ఎరుపు గ్యాసుదే. నేను కడిగాను, నేనే చెబుతున్నా. మా వాడి పని పోతే పోనీ."

*

గురువారం సాయంత్రం ముప్ఫై ఒక్కమంది ఆడవాళ్లు బస్సులో డబ్లిన్ చేరారు. పార్లమెంటు గుమ్మం దగ్గరే వాళ్ల చేతిసంచులు కాపలావాళ్లు తీసేసుకున్నారు. గ్యాలరీలో మాట్లాడకూడదు, నిలబడకూడదు, చప్పట్లు కొట్టకూడదు అని ద్వారపాలకుడు మూడుసార్లు చెప్పాడు. వాళ్లు కింద సభలోకి తొంగి చూశారు. దేశాన్ని ఏలే ఆ గదిలో ఉన్నది స్పీకరుతో కలిపి ఆరుగురు. ఒకాయన గుర్రప్పందేల పేజీ చదువుతున్నాడు.

"మిగతావాళ్లు ఏరీ?" అంది నోనీ. ద్వారపాలకుడు వేలు చూపించి హెచ్చరించాడు.

మాలకీ లేచాడు. కేకలు పెట్టలేదు. పోస్ట్‌మ్యాన్ గుమ్మంలో నిలబడి మాట్లాడినట్టే మాట్లాడాడు. గొట్టం సంగతి, లారీల సంగతి, రోడ్డవతలికి పోయి సిగరెట్టు వెలిగించుకున్న ఇన్‌స్పెక్టరు సంగతి చెప్పాడు. ఉత్తరాలు ఒక్కొక్కటే తీసి పేరు చదివి బల్లమీద పెట్టాడు. తొమ్మిదో పేరు దగ్గర స్పీకరు గంట కొట్టి టైమైపోయిందన్నాడు. మాలకీ జేబులోంచి అగ్గిపెట్టె తీసి ఆ కాగితాల మీద పెట్టాడు.

"మంత్రిగారు ప్రమాదం లేదంటున్నారు. ఈ శనివారం పదకొండింటికి ఫిలోమినా రోచ్ వంటింటికి వచ్చి, ఈ పెట్టెలోంచి ఒక్క పుల్ల గియ్యమనండి. గీస్తే నేను ఈ సీటు వదిలేసి మళ్లీ టపా సంచి భుజానేసుకుంటాను."

పర్సెల్ లేచాడు. ముందే టైపు చేయించిన కాగితం చేతిలో ఉంది. కళ్లజోడు సర్దుకుని మొదలుపెట్టాడు. "ఈ సమస్య నా దృష్టికి వచ్చింది."

గ్యాలరీలో ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"దాన్ని నేను స్వయంగా అధికారుల వద్ద..."

"గట్టిగా ప్రస్తావించాను" అంది నోనీ. అరవలేదు, జపం చెప్పినట్టు చెప్పింది.

"విషయం చురుకైన..." అని మంత్రి చదువుతుంటే కన్సెప్టా గొంతు కలిసింది, పక్కామె గొంతు కలిసింది. ద్వారపాలకులు పరిగెత్తుకొచ్చేసరికి ముప్ఫై ఒక్క గొంతులు ఒక్కటై మంత్రితో సమానంగా నడుస్తున్నాయి. ఆ కాగితం తప్ప ఆయనకి ఇంకో మాట లేదు, అందుకే ఆగలేకపోయాడు. 'ఈలోగా ఆందోళన చెందవలసిన అవసరం ఎంతమాత్రం లేదు' అనేది ఆయనా వాళ్లూ కలిసే పూర్తిచేశారు. గుర్రప్పందేల పేజీ నేలమీద పడింది.

మెడపట్టి గెంటినంత పనిచేసి వాళ్లని బయటికి తోశారు. ఇది మీకు ఎవరు నేర్పారని ఒక పోలీసు అధికారి గద్దించాడు. "కింద ఉన్నాడుగా, కాగితం పట్టుకుని. వెళ్లి అడుగు" అంది కన్సెప్టా. సభ పుస్తకంలో మాత్రం దాని గురించి ఒక్కటే మాట పడింది: 'అంతరాయం'.

*

పత్రికలు ఆ అంతరాయాన్నీ అగ్గిపెట్టెనీ అచ్చేశాయి కాబట్టి శనివారం పర్సెల్ రాక తప్పలేదు. మిగిలిన నలభై ఏడు కుటుంబాలూ బ్లాకు ముందు నిలబడ్డాయి. ఇళ్లన్నీ ఖాళీ. పరుపులు, దుప్పట్లు, గిన్నెలు బయట మూటలు కట్టి ఉన్నాయి. ఈ రాత్రినుంచి ఊరి కౌన్సిల్ హాల్లోనే కాపరమని అందరూ కూర్చుని అనుకున్నారు. ఫిలోమినా కిటికీ గట్టుమీద మాలకీ ఇచ్చిన అగ్గిపెట్టె ఉంది.

నల్ల కారు వచ్చింది. గేటు దాకా రాలేదు. రోడ్డవతల రేవు గోడ పక్కన ఆగింది, ఆ రోజు ఇన్‌స్పెక్టరు నిలబడిన చోటే. పర్సెల్ దిగాడు, వెనక నల్ల పుస్తకంతో ఇన్‌స్పెక్టరూ దిగాడు. ఇద్దరూ అక్కడే నిలబడ్డారు. ఫిలోమినాగారి మృతికి విచారిస్తున్నానని, వంటింట్లో లీకు లేదని నివేదిక వచ్చిందని పర్సెల్ అక్కడినుంచే గొంతు పెంచి చెప్పడం మొదలుపెట్టాడు.

కన్సెప్టా అగ్గిపెట్టె తీసుకుని రోడ్డు దాటింది. ఆమె వెనక జనం కదిలారు. లారీలు హారన్లు కొట్టి ఆగిపోయాయి.

"నాకు సిగరెట్టు అలవాటు లేదమ్మా" అన్నాడు పర్సెల్, నవ్వబోతూ.

"సిగరెట్టుకి కాదండీ. ఫిలోమినా కెటిల్ స్టవ్ మీదే ఉంది. రండి, మీ చేత్తో వెలిగించండి, టీ తాగి పోదురుగాని. మీరు వెలిగిస్తే మేమంతా మా ఇళ్లకి మేం పోతాం."

చాచిన చేతిలో అగ్గిపెట్టె. పర్సెల్ ఇన్‌స్పెక్టరు వైపు చూశాడు. ఇన్‌స్పెక్టరు తన బూట్ల వైపు చూసుకున్నాడు. పర్సెల్ చేతులు కోటు జేబుల్లోంచి బయటికి రాలేదు. చివరికి ఆయన వెనక్కి తిరిగి కారెక్కాడు. ఎవరూ అరవలేదు, ఎవరూ రాయి విసరలేదు. చూడాల్సింది అందరూ చూశారు.

కన్సెప్టా అగ్గిపెట్టె గౌను జేబులో వేసుకుని వెనక్కొచ్చి పరుపు ఒక కొస పట్టుకుంది. రెండో కొస ఆమె కూతుళ్లిద్దరూ పట్టుకున్నారు. నలభై ఏడు కుటుంబాలూ లారీల మధ్యనుంచి నడిచాయి. ఫ్యాక్టరీ షిఫ్టు దిగిన ఆడవాళ్లు ఏప్రాన్లతోనే వచ్చి కలిశారు. రేవు ఆఫీసు మెట్లు దిగి నోనీ కొడుకు వచ్చి తల్లి భుజం మీది మూట అందుకున్నాడు.

కౌన్సిల్ హాలు మెట్లమీద పోలీసులు చేతులు పెనవేసుకుని రెండు వరసలు కట్టి ఉన్నారు. వెనక రెండు వ్యాన్లు, తలుపులు అప్పటికే తెరిచి ఉన్నాయి. వర్షం మొదలైంది. మర్యాదగా మీ ఇళ్లకి మీరు పొండని అధికారి హెచ్చరించాడు.

"పోదాం బాబూ" అంది నోనీ. "నువ్వు ముందు నడువు. నడిచి, ఆ వంటింట్లో నిలబడి పిలువు. అప్పుడొస్తాం."

అధికారి కదల్లేదు. ముందు వరసలో ఒక కుర్ర పోలీసు మాత్రం చూపు దించుకున్నాడు, వాళ్లమ్మ వాటా కూడా ఆ బ్లాకులోనే ఉంది. లాఠీలు బయటికి తీయమని ఆర్డరు వినబడింది. కన్సెప్టా కూతుళ్ల వైపు ఒకసారి చూసి, పరుపు కొస ఇంకా గట్టిగా పట్టుకుని, మొదటి మెట్టు ఎక్కింది.